నీ పేరు పక్కన ఏం రాయమంటావు?

టెక్కలి,
బుధవారం రాత్రి

నాన్నా,

ఫోన్‌లో చెబుదామంటే "ఓటరు కార్డు నా పర్సులోనే ఉందమ్మా, టెన్షన్ పడకు" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ఈ వారం బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) పని మీద, ఓటర్ల జాబితా సరిచూడ్డానికి మన వీధి తిరుగుతున్నాను. ఎక్కడ చూసినా తాళాలే. ఒకరు హైదరాబాదు, ఒకరు చెన్నై, ఒకరు విశాఖ. పక్కింటివాళ్లని అడిగి ఎవరు ఉన్నారో, ఎవరు వెళ్లిపోయారో, ఎవరు చనిపోయారో రాసుకుంటూ వచ్చాను. మన ఇంటి నంబరు వచ్చింది. నీ పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది.

కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదురా. జాబితాలో పేరుండాలి. పేరుంటే, కార్డు మరిచిపోయినా ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు, ఏదైనా చూపించొచ్చు. మన ముసలమ్మలు ఉపాధి హామీ కార్డు ప్లాస్టిక్ కవరులో చుట్టి తెస్తారు, అదీ చెల్లుతుంది. నేను ఇంటింటికీ పంచే స్లిప్పు ఒక్కటే 2019 నుంచి గుర్తింపుగా పనికిరాదు. అది మాత్రమే పట్టుకొచ్చి, ఎండలో మళ్లీ ఇంటికి నడిచేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టకముందు ఒక ఎన్నికలో, కొత్త ఇంటిపేరుతో మొదటిసారి ఓటు వేద్దామని లైన్లో నిలబడ్డాను. తీరా లోపలికి వెళితే నా పేరు మీద అప్పటికే గీత కొట్టేసి ఉంది. వేలు చూపించాను, సిరా లేదు. "ఎవరో వేసేశారమ్మా, ఇంటికెళ్లు" అన్నారు. వచ్చేశాను. మీ నాన్న నవ్వారు కూడా. టెండర్ ఓటు అని ఒకటుందని, మనమే అసలు మనిషిమని తేలితే కాగితం బ్యాలెట్ ఇవ్వాలని ఈ ఉద్యోగం శిక్షణలోగానీ తెలియలేదు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు, కవరులో విడిగా పెడతారు. అయినా వేసే వచ్చేదాన్ని.

మనిషి ఊళ్లో లేడని తెలిస్తే ఆ పేరు మీద ఇంకొకడు వచ్చే ధైర్యం చేస్తాడు. ఊళ్లో లేనివాళ్ల జాబితా పోలింగ్ అధికారికి ఇచ్చేది అందుకే. అందులో నీ పేరున్నా నువ్వు స్వయంగా వస్తే ఓటు వేయనిస్తారు. కాకపోతే మొహమూ కార్డూ బాగా పోల్చి చూస్తారు, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వుంటున్న ఊళ్లో కూడా ఓటు కోసం ఫారం 6 పెట్టానని మొన్న మాటల్లో అన్నావు. ఫారం 6 కొత్తవాళ్లకి. మారినవాళ్లు పెట్టాల్సింది ఫారం 8. వేరే చోట పేరు లేదని ఫారం 6లో సంతకం చేస్తాం, అబద్ధమైతే ఏడాది వరకు జైలు పడొచ్చు. సాలూరు అవతల కొటియా ఊళ్లవాళ్ల దగ్గర ఆంధ్రా కార్డూ, ఒడిశా కార్డూ ఉంటాయి. 2024 మే 13న రెండు వైపులా ఒకే రోజు పోలింగ్ పడింది వాళ్లకి. సరిహద్దు తేలక వాళ్లకా బాధ. నీకేం సరిహద్దు గొడవ వచ్చిందిరా?

ఇక్కడే ఉంచుకుంటానంటే పోలింగ్ రోజుకి రైలెక్కు, కిక్కిరిసిపోయినా సరే. అక్కడికి మార్చుకుంటే మార్చుకో, నేనేమీ అనుకోను. (కొంచెం అనుకుంటాను.) నేను రాసిచ్చేది రిపోర్టు మాత్రమే, పేరు తీసేది పైవాళ్లు. కానీ కన్నకొడుకని ఒక గడి ఖాళీగా వదలలేను కదా.

ఆదివారంలోపు చెప్పు. సోమవారం కాగితాలు ఇచ్చేయాలి.

అమ్మ