చిన్నబజారులో కలిసిన ఆ అన్నకు

ఈ రోజు మా అమ్మాయికి పదకొండో రోజు స్నానం అయింది. తల్లీ పాపా ఇద్దరూ పడుకున్నారు. ఇల్లంతా ఇంకా సాంబ్రాణి వాసన. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి కానీ, మా గీజర్ షాక్ నుంచి మమ్మల్ని కాపాడిన ఆ అన్నకు కృతజ్ఞతగా ఇది రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు.

మాది నెల్లూరు, వేదాయపాళెం. పొగతోట ఆసుపత్రిలో మా అమ్మాయికి ఆపరేషన్ కాన్పు అయింది. నాలుగో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. బయట విడవని ముసురు. ఒళ్లు తుడవడానికి, పాప గుడ్డలకి, చేతులు కడుక్కోవడానికి రోజంతా వేడినీళ్లు కావాలి. సరిగ్గా ఆ రోజే గీజర్ మొరాయించింది. పదిహేను లీటర్ల గీజర్, రెండువేల వాట్లు. ఇరవై నిమిషాల్లో పొగలు రావాల్సిన నీళ్లు గంటయినా గోరువెచ్చగా కూడా రాలేదు.

కంపెనీ నంబరుకి ఫోన్ చేశాం. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ అరగంట. ఆరో రోజు ఒక కుర్రాడు వచ్చి, మూత తీసి, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పోయిందని మార్చి, 1,450 రూపాయలు తీసుకుని వెళ్లాడు. రెండు రోజులు బాగానే కాగాయి. ఎనిమిదో రోజు పొద్దున కుళాయి తిప్పబోతే కరెంటు కొట్టి నా చెయ్యి జిల్లుమంది. మళ్లీ ఫోన్ చేస్తే, తడి చేత్తో ముట్టుకుంటే అట్టాగే ఉంటుంది మేడమ్, రేపు మనిషిని పంపిస్తాం అన్నారు. మర్నాడు మనిషి రాలేదు. మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవలకు మార్కులు వేయండి అని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చూసి నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఇంట్లో బాలింత ఉందని నేను మూడుసార్లు చెప్పాను.

ఇక వీళ్లతో కాదని ఆ సాయంత్రం ఆటో ఎక్కి చిన్నబజారు వెళ్లాను, బకెట్లో పెట్టుకునే వాటర్ హీటర్ రాడ్డు కొందామని. షాపతను రాడ్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. నేను పర్సు తీస్తూ, ఉన్న గీజర్ షాక్ కొడతా ఉందయ్యా అన్నాను. పక్కన మోటారు కండెన్సర్ కోసం నిలబడ్డ పెద్దాయన ఒకరు నా వైపు తిరిగారు. అరవై ఏళ్లుంటాయి. నెరిసిన గడ్డం, తడిసిన చొక్కా, చేతిలో గుడ్డ సంచి.

“రాడ్డు వద్దు మా. షాక్ కొట్టే ఇంట్లో రాడ్డు ఇంకా ప్రమాదం. మీ ఇంట్లో ఎర్త్ చూపించుకున్నారా?” అన్నారు.

ఎర్త్ అంటే ఏమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు. ఇంట్లో ఎవరున్నారని అడిగారు. పురిటి బిడ్డ, తల్లి అన్నాను. ఆయన షాపతనితో “కండెన్సర్ పక్కన పెట్టు, వస్తా” అని చెప్పి, వానలో నా ఆటో వెనకే తన మోపెడ్ మీద వేదాయపాళెం దాకా వచ్చారు. ఎవరో ఏమిటో తెలియని మనిషి.

రాగానే మెయిన్ ఆపించారు. గీజర్ మూత తీసి, వైర్లు విడదీసి, కరెంటు పరీక్షించే చిన్న మీటరు పుల్లలు ఒకటి నీళ్లు కాచే ఎలిమెంట్ పిన్నుకీ ఒకటి ట్యాంకు బాడీకీ ఆనించారు. మీటరు కీచుమంది. “ఇది కీచుమనకూడదు మా” అన్నారు. నీళ్లు వంపి ఎలిమెంట్ బయటికి లాగితే, దాని మీద వేలెడు మందాన తెల్లటి గార, సున్నపురాయి లాగా. మా బోరు నీళ్లు అంత ఉప్పన. స్క్రూడ్రైవర్‌తో గార రాల్చి, టార్చి వేసి నాకు చూపించారు. రాగి గొట్టం మీద వెంట్రుకంత చీలిక. గార పట్టిన గొట్టం తన వేడిని నీళ్లకు వదల్లేక తనే కాలిపోయి చిట్లుతుందట. లోపలి తీగ చుట్టూ ఉండే పొడి తడిసి, కరెంటు నీళ్లలోకి దిగుతుందట. ట్యాంకు తుప్పు పట్టకుండా పక్కనే ఉండాల్సిన మెగ్నీషియం కడ్డీ అయితే కరిగిపోయి ఉత్త ఇనుప చువ్వ మిగిలింది. థర్మోస్టాట్ మార్చిన కుర్రాడు ఈ ఎలిమెంట్‌ని ఒక్కసారి బయటికి లాగి ఉంటే చాలు కదా.

అక్కడితో ఆయన పని అయిపోయినట్టే. కానీ ఆయన హోల్డర్‌కి బల్బు తగిలించి, మెయిన్ వేయించి, గీజర్ ప్లగ్గులో ఒక వైరు కరెంటు వచ్చే ఫేజుకీ, రెండోది ఎర్త్ కోసం పైనున్న పెద్ద బొక్కకీ పెట్టారు. వెలగలేదు. మళ్లీ మెయిన్ ఆపి పెట్టె విప్పితే, ఎర్త్‌కి రావాల్సిన పచ్చ వైరు వెనక్కి మడిచి, టేపు చుట్టి ఉంది. 2003లో ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసిన మనిషి దాన్ని అట్టాగే వదిలేశాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ బాత్‌రూమ్‌లోనే మా పిల్లలు స్నానాలు చేశారు. కరెంటు మీటరు బిగించడానికి వచ్చిన వాళ్లు కూడా చూడలేదు. కాగితం మీద సంతకాలు మాత్రం అందరివీ ఉన్నాయి. ఎవరిని అడగాలి దీన్ని?

“ఎర్త్ ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు కొట్టేసేది. లేదు కాబట్టి కుళాయిలో కాచుకోనుంది మా. తడికాళ్లతో ఎవరు ముట్టుకుంటే వాళ్ల మీదుగా పోతుంది,” అన్నారు. కాసేపు ఆగి, “మీ అమ్మాయి ఈ కుళాయి ముట్టుకునిందా?” అని అడిగారు. లేదన్నా, నేనే నీళ్లు పట్టి ఇస్తున్నా అన్నాను. ఆయన బాత్‌రూమ్ గడప మీద అట్టాగే కూర్చుండిపోయి, తల మీది తడి తుడుచుకున్నారు.

షాపులు మూసేసే వేళయింది. ఎలిమెంట్ రేపే అన్నారు. గీజర్ స్విచ్చి మీద తెల్ల టేపు అంటించి, మా మనవడి స్కెచ్ పెన్నుతో ‘వేయొద్దు’ అని పెద్ద అక్షరాలతో రాశారు. వెళ్లబోతుంటే, నేను పొయ్యి మీది నీళ్ల డేగిసా గుడ్డలతో పట్టుకుని వంటింట్లోంచి వస్తున్నాను. గీజర్ పోయినప్పటి నుంచి అదే పని, చేతులు వణుకుతున్నాయి. ఆయన సంచి కింద పెట్టి, మాట్లాడకుండా డేగిసా నా చేతుల్లోంచి అందుకుని బాత్‌రూమ్‌లో దించారు. చన్నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి చూసి, “ఇప్పుడు సరిపోయింది, పిలుచుకోండి మా” అన్నారు. అప్పటిదాకా పట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చేసింది. గోడకి ఆనుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన బయట వరండాలో నిలబడి, నేను ఆగేదాకా ఉండి వెళ్లారు.

పదో రోజు పొద్దున్నే ఎలిమెంటు, కడ్డీ, కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే ముప్పై మిల్లీయాంపుల ఈఎల్‌సీబీ తెచ్చి బిగించారు. పెరట్లో పూడిపోయిన ఎర్త్ గొట్టం వెతికి, తెగిన వైరు మార్చి, మడిచి ఉన్న పచ్చ వైరు కలిపి, గుంతలో రెండు బకెట్ల నీళ్లు పోయించారు. మళ్లీ బల్బు పెట్టారు. ఈసారి అది మెరిసీ మెరవకముందే ఈఎల్‌సీబీ టక్కున పడిపోయింది. “అదీ, అట్టా పడాలి” అని మొదటిసారి నవ్వారు. సామాన్ల బిల్లు డబ్బులు తీసుకున్నారు. కూలి ఎంతన్నా అంటే, పురిటింట్లో తీసుకోనన్నారు. చీర మడతలో దాచిన ఐదువందలు జేబులో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, టీ ఇవ్వమన్నారు. పేరు రాస్తానంటే వద్దన్నారు, అందుకే రాయడం లేదు. అన్నా, మీ ఇంట్లో ఎవరైనా ఇది చదివి వినిపిస్తే, మా ఇంటి గడప మీకు ఎప్పుడూ తెరిచే ఉంటుందని తెలుసుకోండి.

మా ఆయన, మా అబ్బాయి ఈ పది రోజులూ నిలబడ్డారు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పోస్ట్ చేయబోతూ గుర్తొచ్చింది, పక్కింటి వదిన రెండు పూటలు ఫ్లాస్కుల్లో వేడినీళ్లు పంపింది. ఏడో రోజు వానలో తడుస్తూ వచ్చి పాపను తూకం వేసి చూసిన ఆశా కార్యకర్త అమ్మాయికి కూడా నా కృతజ్ఞతలు. ఆటో అబ్బాయి వెయిటింగ్‌కి పైసా అడగలేదు. మా పనమ్మాయి జ్వరంతోనే వచ్చి గుడ్డలు ఉతికింది, ఆమె పేరు ముందే రాయాల్సింది.

ఇంకొకటి. ఆ కండెన్సర్ మూలాపేటలో ఎవరి ఇంటి మోటారుకో. మా ఇంటికి వచ్చినందువల్ల ఆ రాత్రి వాళ్ల ట్యాంకు నిండలేదు. మర్నాడు వెళ్లి బిగించాను, ఏమీ అనలేదు మా, అని అన్న చెప్పారు. ఆ ఇంటివాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లకి కూడా నా నమస్కారాలు.