నడిచి వెళ్లేంత దూరంలో: మన ఫోటో, చిత్రకళా సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఉగాదికి జరిగిన సర్వసభ్య సమావేశంలో ఎంత వాదన నడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. అరకు టూరుకి బస్సు మాట్లాడదామని కొందరు, ఆ డబ్బు పెట్టి మంచి ప్రింటరు కొందామని కొందరు. చివరికి ప్రింటరు పక్షమే గెలిచింది. టూరు లేదు కాబట్టి ఒక నియమం పెట్టుకున్నాం. ఏడాది పొడుగునా మన ఇంటి చుట్టుపక్కల, రోజూ తిరిగే దారిలో కనపడేవాటినే ఫోటో తీయాలి. తీసింది ఫోన్లో పడి ఉండకూడదు, కాగితం మీదికి రావాలి. ఆ కాగితం మీద చేత్తో ఏదో ఒక పని జరగాలి. రంగు వేస్తారో, సూదీదారంతో కుడతారో, చించి అతికిస్తారో ఎవరిష్టం వాళ్లది.

"మా వీధిలో ఏముందండీ, మురిక్కాలవ తప్ప?" అని ఆరోజు లేచి అడిగిన సభ్యుడే ఈ ఏడాది అందరికంటే ఎక్కువ బొమ్మలు ఇచ్చారు. వాటిలో మురిక్కాలవ కూడా ఉంది.

చీటీల నడక

ఎక్కడికి వెళ్లాలో చీటీలు వేసి తేల్చుకున్నాం. బ్రాడీపేటలో అడ్రసు చెప్పే తీరు గుంటూరు వాళ్లకి కొత్త కాదు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఒక డబ్బాలో లైన్ల చీటీలు, ఇంకో డబ్బాలో అడ్డరోడ్ల చీటీలు వేశాం. ఏ రెండు వస్తే ఆ కూడలికి వెళ్లి గంటసేపు ఉండాలి, పక్క సందులోకి కూడా పోకూడదు.

మొదటి పావుగంటలో అందరూ తీసేవి ఒకటే ఫోటోలు. కరెంటు తీగలు, కోచింగ్ సెంటర్ బోర్డులు, టీ గ్లాసు. ఆ తర్వాత విసుగు పుడుతుంది, కొందరు వాట్సాప్ తీస్తారు. ఆ విసుగు దాటాక తీసినవే చివర్లో గోడ ఎక్కాయి. ఫోటోగ్రఫీ క్లాసుల్లో లెన్సుల గురించి బోలెడంత చెబుతారు గానీ, విసుగు పుట్టేదాకా ఒకచోట నిలబడమని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

బ్యాంకులో రిటైరైన ఒక సభ్యుడికి ఇస్త్రీ బండి పక్కన నిలబడాల్సి వచ్చింది. బండి మీద పరిచిన దుప్పటిని ఆయన అప్పటిదాకా వందలసార్లు చూసి ఉంటారు. ఆరోజు దాని మీద మచ్చలు కనపడ్డాయి. పెట్టె ఆనించి ఉంచినచోటల్లా దాని ఆకారం కాలి దిగింది, ఒకదానిమీద ఒకటి, లేత గోధుమరంగు నుంచి మాడిన నలుపు దాకా. ఫోటో తీసి ఊరుకోకుండా, "ఆ దుప్పటి నాకిస్తావా?" అని అడిగారు. "ఈ మాసిన దుప్పటి ఏం చేసుకుంటారు సార్" అని ఇస్త్రీ ఆయన నవ్వి, కొత్త దుప్పటి తెచ్చిస్తేనే ఇస్తానన్నాడు. బేరం కుదిరింది. ఆ దుప్పటి మీద, కాలిన ఒక్కో మచ్చ పక్కన, ఆ వీధిలో ఇస్త్రీకి బట్టలిచ్చే ఇళ్ల గుమ్మాల ఫోటోలు గుడ్డ మీద ప్రింటు చేసి కుట్టారు. కుట్లు అంత నీటుగా లేవు. వాళ్లావిడ మళ్లీ కుట్టి ఇస్తానంటే ఆయన ఒప్పుకోలేదు, నాకైతే అదే మంచిదనిపించింది.

ఎండతో పని

మే నెలలో గుంటూరు ఎండని తిట్టుకోనివాళ్లుండరు. ఈసారి ఆ ఎండనే వాడుకుని డాబా మీద సైనోటైప్ అనే నీలం ముద్రణ పెట్టాం. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటి ఏడే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుల్ని కాగితం మీద పరిచి ఇలాగే ముద్రించడం మొదలుపెట్టారు. ఇంజనీర్లు బ్లూప్రింట్ అనేది కూడా దీని నుంచి వచ్చిందే. ఫెర్రిక్ అమోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ విడివిడిగా నీళ్లలో కరిగించి, కలిపి, దళసరి కాగితానికి పూసి చీకటి గదిలో ఆరబెట్టాలి. పైన ఆకుగానీ నెగెటివ్‌గానీ పెట్టి, అద్దం మూసి ఎండలో ఉంచితే వెలుగు తగిలినచోట ఇనుము మారి నీలమవుతుంది, నీడ పడినచోట పూసిన మందు నీళ్లలో కడిగితే పోయి తెల్లగా మిగులుతుంది.

పేరులో సయనైడ్ ఉందని పిల్లల తల్లిదండ్రులు కొంచెం టెన్షన్ పడ్డారు. అందులో సయనైడ్ ఇనుముతో గట్టిగా కట్టుబడి ఉంటుంది కాబట్టి మామూలుగా వాడితే ప్రమాదం లేదు. వేడి చేయకూడదు, గాఢమైన యాసిడ్లు తగలనీయకూడదు. చేతికి గ్లౌజులు, పక్కన పెద్దవాళ్లు తప్పనిసరి.

అసలు చిక్కు నీళ్లతో వచ్చింది. పొద్దున కడిగిన ప్రింట్లు బోరు నీళ్లలో నానేకొద్దీ నీలం పోయి వెలవెలబోయాయి. క్షారం ఎక్కువున్న నీళ్లు ఆ రంగుని తినేస్తాయి. బక్కెట్లో నిమ్మకాయ పిండాక నీలం నిలబడింది. అదే క్షారాన్ని సాయంత్రం కావాలని వాడాం. ప్రింటుని చాకలి సోడా నీళ్లలో ముంచి లేత పసుపుకి దింపి, చిక్కటి టీ డికాషన్‌లో పెడితే టీలోని టానిన్ పట్టి ముదురు గోధుమ, నలుపు రంగులొచ్చాయి. మునగాకు, కరివేపాకు రెబ్బలు ఈ పద్ధతికి బాగా కుదిరాయి. గోంగూర ఆకు వెడల్పు కాబట్టి మచ్చలా పడింది తప్ప ఆకులా పడలేదు. ప్రింటరుతో పారదర్శక షీట్ల మీద నెగెటివ్‌లు తీసి మన వీధి ఫోటోలూ నీలంలోకి దించాం. ప్రింటరు వద్దన్నవాళ్లు కూడా ఆరోజు క్యూలో ఉన్నారు, పేర్లు రాయను.

సెప్టెంబరు

ఈ నెలకి వేరే కార్యక్రమం అనుకున్నాం. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. మనలో చాలామందికి అక్కడ చుట్టాలున్నారు. నీళ్లు తీశాక సరుకులు, బట్టలతో వెళ్లినవాళ్లు వచ్చేటప్పుడు తడిసిన ఆల్బములు తెచ్చారు. నడిచి వెళ్లే దూరం నియమం ఇక్కడ చెల్లదే అని ఎవరూ అనలేదు.

ఒకప్పుడు స్టూడియో నడిపిన మన పెద్దాయన లేకపోతే ఆ ఆల్బముల్ని మనమే పాడుచేసి ఉండేవాళ్లం. ఎండలో పెట్టబోతుంటే ఆపారు. "తడి ఆరితే ఒకదానికొకటి అతుక్కుంటయ్యి, ఇక ఊడి రావమ్మా. తడిగానే ఉండనియ్యండి" అన్నారు. ఫోటో మీద ఉండే జెలటిన్ పొర నీటికి ఉబ్బి జిగురులా తయారవుతుంది. అందుకని వెడల్పు టబ్బుల్లో చల్లటి మంచినీళ్లు పోసి, ఫోటోల్ని అందులోనే ఓపిగ్గా విడదీసి, బురద కడిగి, బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకుని నీడలో బట్ట మీద ఆరేశాం. అప్పటికి చేయడానికి కుదరనివాటిని కవర్లలో పెట్టి ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్లో ఉంచాం, బూజు పట్టకుండా. పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు చాలావరకు దక్కాయి. ఇంట్లో ఇంక్‌జెట్ మీద తీసుకున్న ప్రింట్లు కరిగి నీళ్లలో కలిసిపోయాయి. ఈమధ్య పెళ్లిళ్లకి చేయిస్తున్న లావుపాటి ఆల్బములు అట్టలతో సహా ఉబ్బి ఇటుకల్లా అయ్యాయి, వాటిని ఏమీ చేయలేకపోయాం.

ఒక ఫోటో గురించి కొంచెం ఎక్కువ రాయాలి. గోడకి ఫ్రేము కట్టి ఉన్న పెళ్లి ఫోటో అది. నీళ్లు సగం దాకా వచ్చి నిలిచాయి. పైసగంలో పెళ్లికూతురు, పెళ్లికొడుకు, బాసికాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కింద సగంలో పట్టుచీర ఎరుపు కారి పసుపులో కలిసి, చేతులు, పూలదండలు, పీటలు ఏవీ లేవు. రెండిటి మధ్య గీసినట్టు ఒక గోధుమరంగు గీత. కంప్యూటర్లో బాగుచేసి ఇస్తామన్నాం. "ఇట్టాగే ఉండనీయండి. నీళ్లు ఎంతవరకు వచ్చినయ్యో మా మనవలకి దీన్ని చూపిస్తా" అన్నారు ఆ ఇంటావిడ. ఆమె అనుమతితో దాన్ని ప్రదర్శనలో పెట్టాం. మన సభ్యుడొకరు ఉత్సాహం కొద్దీ దాని కింద కళాకారుడి పేరు 'బుడమేరు' అని కార్డు రాశారు. చదవడానికి బాగుంది గానీ ఇల్లు మునిగినవాళ్లు చూస్తే ఎలా ఉంటుంది? కార్యవర్గంలో మాట్లాడి ఆ కార్డు తీసేసి, ఆవిడ మాటల్నే పెట్టాం.

పాడైన ఫోటోల్ని కత్తిరించి కోల్లాజులు చేసుకుంటామని అడిగినవాళ్లకి, ఆ కుటుంబం నోటితో చెబితేనే తప్ప వీల్లేదన్నాం. ఆ తీర్మానం ఇకపైన కూడా ఉంటుంది.

ధనుర్మాసం, మిర్చి యార్డు

ముగ్గుల ఫోటోలు ఎప్పుడూ వచ్చేవే కాబట్టి అన్నిటి గురించీ రాయడం లేదు. ఒక సభ్యురాలు మాత్రం ముగ్గు వేయగానే తీయకుండా పొద్దున తొమ్మిదింటికి తీశారు. అప్పటికి స్కూటర్ టైర్లు, పాలవాడి చెప్పులు, కుక్క పాదాలు పిండిని లాక్కెళ్లి ఇంకో ముగ్గు వేసేసి ఉంటాయి. ఆ ప్రింటు మీద అసలు ముగ్గు గీతల్ని తెల్లదారంతో తిరిగి కుట్టారు.

ఫిబ్రవరిలో సీజను ఊపందుకున్నాక, అనుమతి తీసుకుని మిర్చి యార్డుకి వెళ్లాం. లోపలికి అడుగుపెట్టగానే మిరప కోరుకి, అంటే ఆ ఘాటుకి, అందరూ దగ్గడమే. టిక్కీల (మిర్చి బస్తాల) వరసలు, మూతి విప్పి చూపించే కాయలు, హమాలీల అరుపులు. ఫోన్ కెమెరాలకి ఈ ఎరుపు లొంగదు. సంచి నిండా తేజ రకం కాయలుంటే ఫోటోలో ఒక్క ఎర్రటి ముద్దే కనపడుతుంది, కాయకీ కాయకీ తేడా పోతుంది. ఎరుపు ఒక హద్దు దాటాక సెన్సరుకి వివరం అందదు. తెరమీద వేలితో ఎక్స్‌పోజరు బాగా తగ్గించి, నేరుగా ఎండ పడని షెడ్డు నీడలో తీస్తే ముడతలు, తొడిమలు తేలాయి.

తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గర కూర్చుని ఫోటో అడిగితే ఒకావిడ, "తీస్తే తియ్యి గానీ, మాకేమన్నా ఇస్తావా, పట్టుకుపోతావా?" అంది. న్యాయమైన ప్రశ్న. వారం తిరక్కుండా ప్రింట్లు తీసుకెళ్లి ఇచ్చాం. కొంగు సరిచేసుకోకముందే తీశారని ఒకావిడ తిట్టి, మళ్లీ తీయించుకుంది. మనుషుల్ని తీస్తే ప్రింటు వాళ్ల చేతికి చేరాలి, అడగకుండా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. ఈ రెండూ ఇప్పుడు సంఘం నియమాలు.

రంగు పోయిన తాలు కాయల్ని ఎవరూ పట్టించుకోరు, ధర కూడా తక్కువ. మన కాలేజీ అమ్మాయి ఒకతె అవే అడిగి తెచ్చుకుంది. గింజలు దులిపి, తొక్క విప్పి, తడిగుడ్డ కింద సాపు చేస్తే పల్చటి కాగితంలా వెలుతురు దూరుతుంది. ఆ తొక్కల్ని గోనెసంచి మీద, యార్డు ఫోటోల అంచుల్లో అతికించింది. జిగురుకి బైండింగ్ వాళ్ల పద్ధతే వాడాం, మైదా ఉడికించి పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం.

ప్రదర్శన

ఉగాదికి ముందు కమ్యూనిటీ హాల్లో పెట్టాం. ఫ్రేముల ఖర్చు తప్పించుకోవడానికి తాళ్లు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. ఫ్లెక్సీ వేయించకపోతే జనం రారని కొందరు భయపడ్డారు, వచ్చారు.

"చెత్త అతికిస్తే అది కళ ఎట్లా అవుద్ది?" అని అడిగిన పెద్దమనిషితో మన ఉపాధ్యక్షురాలు చాలాసేపు మాట్లాడారు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక జర్మనీలోని హానోవర్‌లో కుర్ట్ ష్విటర్స్ అనే ఆయన ట్రామ్ టికెట్లు, రేపర్లు, చెక్కముక్కలు ఏరి బొమ్మలు చేసి ప్రపంచంలో పేరు తెచ్చుకున్న సంగతి చెప్పారు. ఆ పెద్దమనిషి పూర్తిగా ఒప్పుకోలేదు. వెళ్తూ వెళ్తూ క్యాలెండర్ల దగ్గర మాత్రం ఆగిపోయారు.

ఆ క్యాలెండర్లు చేసింది ఒక గృహిణి. వంటింటి గోడకి వేలాడే తెలుగు క్యాలెండరు, పన్నెండు కాగితాలు. రాహుకాలాలు, వర్జ్యాల పక్కన ఆవిడ చేతిరాతలో సిలిండరు వచ్చిన తేదీ, పాలు నాగా పెట్టిన రోజులు, పనిమనిషి రాని రోజులకి అడ్డగీతలు, ఒకచోట 'పాపకి జ్వరం', ఇంకోచోట 'అమ్మ' అని మాత్రమే. ఆ రాతల్ని దగ్గరగా ఫోటోలు తీసి, పల్చటి ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు చేసి, అసలు కాగితాలపైన పరిచారు. కాగితం ఎత్తితే ఆ రోజున వంటింట్లోంచి తీసిన కిటికీ ఫోటో ఉంటుంది. 'అమ్మ' అన్నచోట ఏ ఫోటో లేదు. ఎందుకని అడిగినవాళ్లకి ఆవిడ జవాబు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మిగతా సంగతులు

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో విడిగా జతచేశాం. ప్రింటరు ఇంకు ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువైంది, ఇకనుంచి పెద్ద సైజు ప్రింట్లకి సభ్యులు కొంత భరించాలని కోశాధికారి గారి ప్రతిపాదన. చర్చించి తేల్చుకుందాం. చందా బాకీలున్నవాళ్లు సమావేశం రోజున కట్టేయండి. పెద్దాయన ఫోటోలకి చేత్తో రంగులద్దడం నేర్పుతానన్నారు. మ్యాట్ కాగితం మీద తీసిన బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తెచ్చుకోండి, గ్లాసీ మీద రంగు పట్టదు.

వచ్చే ఏడాదికి కూడా నడక నియమమే, ఒక్క మినహాయింపుతో. తెనాలిలో బండ్ల తుక్కు ఇనుముతో, నట్లు బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే శిల్పుల పని చూడటానికి రైల్లో వెళ్దామని ఆలోచన. వచ్చేవాళ్లు సమావేశం అయ్యేలోపు నాకు పేర్లివ్వండి. చార్జీ ఎవరిది వాళ్లదే. టికెట్ ఫోన్లో కాకుండా కౌంటర్లో తీసుకోండి, దిగాక ఆ కాగితాలు నాకు కావాలి.

ఇట్లు,
కార్యదర్శి