చికాగోలో వంత

చిన్నీ,

రాత్రి ఇల్లు చేరేసరికి ఒంటిగంట. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. మీ అన్నయ్య నన్ను బ్లూస్ పాటలు, అంటే ఇక్కడి నల్లవాళ్ళ పాటలు, వినడానికి తీసుకెళ్ళాడు. బడ్డీ గయ్ అనే పెద్ద గిటారిస్టు 1989లో పెట్టిన లెజెండ్స్ అనే క్లబ్బు. బార్ కూడా ఉంటుందనగానే నాకు టెన్షన్. చీర మీద స్వెట్టర్ వేసుకుని ఓ మూల కూర్చున్నాను. ఎవరూ వింతగా చూడలేదు.

మొదట ఒక పెద్దాయన ఒక్కడే మామూలు గిటార్‌తో వచ్చాడు. వేలికి గాజు గొట్టం తొడుక్కుని తీగల మీద జారిస్తుంటే గిటార్ అచ్చం మనిషిలా మూలిగింది. ఒక లైను పాడతాడు, మళ్ళీ అదే పాడతాడు, మూడో లైనులో అసలు సంగతి చెప్తాడు. లైను చివర ఆయన నోరు ఆపితే గిటార్ జవాబిస్తుంది. మాటలు నాకు సగం కూడా తెలియలేదు, ఆ జవాబు మాత్రం తెలిసింది. బుర్రకథలో కథకుడు ఊపిరి తీసుకునేలోపు తాతయ్య డక్కీ వాయిస్తూ "తందాన తాన" అందుకునేవాడే, అలా. కళ్ళు తుడుచుకుంటుంటే అన్నయ్య కంగారుపడ్డాడు.

తర్వాత డ్రమ్ములు, మౌతార్గాన్, ఎలక్ట్రిక్ గిటార్లతో బ్యాండ్. గుండెల్లో దడదడ. మడ్డీ వాటర్స్ అనే గాయకుడు 1943లో మిసిసిపీ పత్తి చేలు వదిలి ఈ ఊరు వచ్చాడట. క్లబ్బుల గోలలో మామూలు గిటార్ వినబడక కరెంటు గిటార్ పట్టాడట. అలా లక్షలమంది నల్లవాళ్ళు అమెరికా దక్షిణాది నుంచి తరలివచ్చారు, పాటలతో సహా. నేనూ చిన్నప్పుడు పత్తి తీతకు వెళ్ళినదాన్నే, ఎండిన కాయ గుచ్చుకుంటే వేళ్ళు ఎలా మండుతాయో తెలుసు. కానీ వాళ్ళు పడ్డది వేరు. ఆ రెండూ ఒకటే అని అనలేను.

కథకుడు పోయాక తాతయ్య డక్కీ అటకెక్కింది. ఈ ఆదివారం ఊరెళ్ళి దాన్ని దింపించు, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టు. కథకుడు లేకుండా వంతేమిటే అంటాడు. బొబ్బిలి కథలో నీకు నేర్పిన నాలుగు లైన్లు నువ్వే ఎత్తుకో. ఆయన అందుకోకుండా ఉండలేడు.

అమ్మ