ఐపీ (దివాలా పిటిషన్) పెట్టే ముందు ఇది చదువు

చిరంజీవి చిన్నాకి,
అమ్మ ఆశీస్సులు.

మాంబళం నుంచి పెరంబూరుకి ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో చెబితే మధ్యలోనే కోపం తెచ్చుకుని పెట్టేస్తావు. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి బొటనవేలు బొమ్మ పంపిస్తావు. కాగితమైతే కోపం తగ్గాక మళ్లీ తీసి చదవొచ్చు.

"ఐపీ పెట్టేస్తే అప్పులవాళ్లు నోరు మూసుకుంటారు, ఫ్లాటూ మిగులుతుంది" అని నీకెవరు చెప్పారో గాని, అందులో మొదటి సగం కొంతవరకు నిజం. రెండోది పచ్చి అబద్ధం. బ్యాంకులో లోన్ల సెక్షన్ చూసి రిటైరైనదాన్ని కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను.

చెన్నై నగరంలో ఉన్నవాళ్లు ఐపీ వెయ్యాలంటే హైకోర్టుకే వెళ్లాలి. చట్టం 1909 నాటిది. మన నెల్లూరు వైపైతే 1920 చట్టం, జిల్లాలో ఉన్న కోర్టులు. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చిందిగా అంటావు. వచ్చింది, కానీ మామూలు మనుషుల అప్పులకు సంబంధించిన భాగాన్ని అమల్లోకి తేలేదు. కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవాళ్లకు మాత్రం 2019 డిసెంబరు నుంచి వర్తింపజేశారు. నీకూ దానికీ సంబంధం లేదు.

చెన్నైకి వర్తించే ఆ 1909 చట్టం ప్రకారం 500 రూపాయల అప్పున్నా పిటిషన్ వెయ్యొచ్చు. కోర్టు నిన్ను దివాలాదారుగా ప్రకటించగానే నీ ఆస్తంతా అఫీషియల్ అసైనీ అనే అధికారి చేతికి పోతుంది. నీకు వదిలిపెట్టేవి పనిముట్లు, బట్టలు, పరుపులు, వంటగిన్నెలు. అన్నీ కలిపి 300 రూపాయల విలువ దాటకూడదని అందులో రాసి ఉంది! మీ ఇంట్లో కుక్కర్ ఒక్కటి చాలు, ఆ లెక్క దాటిపోవడానికి. కోర్టు దివాలా నుంచి విడుదల ఇచ్చేదాకా, నువ్వు దివాలాదారువని చెప్పకుండా ఎవరి దగ్గరైనా 50 రూపాయలు గాని అంతకు మించి గాని అప్పు చేస్తే అదో నేరం. కంపెనీలో డైరెక్టరుగా ఉండకూడదు. ఎన్నికల్లో నిలబడకూడదు, అది నీకు పెద్ద నష్టం కాదనుకో.

ఇక ఫ్లాటు సంగతి. తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాడి హక్కును ఐపీ ముట్టుకోదు. ఆ మాట ఆ చట్టంలోనే ఉంది. కంతులు మూడు నెలలు ఆగాయంటే బ్యాంకు నీ లోన్‌ను మొండి బాకీల్లో వేస్తుంది. తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. దానికి నువ్వు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ తేలకపోతే స్వాధీనం, ఆపైన వేలం. స్వాధీనం మీద డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కి, 45 రోజుల్లోగా వెళ్లొచ్చు. కానీ బ్యాంకువాళ్ల పద్ధతిలో తప్పుంటేనే అక్కడ గట్టిగా నిలబడగలవు, నీ దగ్గర డబ్బు లేదన్నది అక్కడ వాదన కాదు.

వేలాల్లో ఎంతకు పోతాయో నేను చూశాను. అందుకే చెబుతున్నా, నోటీసు రాకముందే ఫ్లాటు నువ్వే అమ్మెయ్. లోన్ ఉన్న ఇల్లు అమ్మలేమనుకోకు. ఈసీ (ఆస్తి మీదున్న తాకట్లు చూపే సర్టిఫికెట్) తీస్తే బ్యాంకు పేరు కనబడుతుంది, కొనేవాడికి దాచేదేమీ లేదు. బ్యాంకు నుంచి ఇంకా ఎంత కట్టాలో, వాళ్ల దగ్గర ఏయే పత్రాలున్నాయో లెటర్ తీసుకో. కొనేవాడి బ్యాంకు నేరుగా మీ బ్యాంకుకి కట్టేస్తుంది, మిగిలింది నీకొస్తుంది. ఆ మిగిలినదాంతో కార్డులు, పర్సనల్ లోన్లు చాలావరకు తీరతాయి. అద్దె ఇంట్లో ఉంటే పరువేం పోదు. మీ నాన్నా నేనూ కోడంబాక్కంలో అద్దె ఇంట్లోనే నిన్ను పెంచాం.

ఫ్లాటు నా పేరున రాసేస్తానన్నావు. వద్దు. తాకట్టులో ఉన్నది నువ్వు ఎవరికి రాసినా బ్యాంకు హక్కు దాంతోపాటే వస్తుంది. పైగా ఊరికే రాసిన ఆస్తిని, రాసిన రెండేళ్లలోగా నువ్వు దివాలాదారువని తేలితే, అసైనీ వెనక్కి లాక్కుంటాడు. ఈ వయసులో నన్ను కోర్టు మెట్లు ఎక్కించకు.

పీఎఫ్ తీసి క్రెడిట్ కార్డులకు కడదామనుకుంటున్నావని కోడలమ్మాయి చెప్పింది. దానికి మాత్రం ఒప్పుకోను. ఖాతాలో ఉన్నంతవరకు పీఎఫ్ జప్తు కాదు, అసైనీ కూడా దాన్ని తాకలేడు. ఎవరూ లాక్కోలేని డబ్బు నీ దగ్గర అదొక్కటే. దాన్ని నీ చేత్తో నువ్వే కార్డులవాళ్ల చేతిలో పెడతావా?

ఆ రికవరీ కుర్రాడు జైలు అన్నాడని రాత్రుళ్లు నిద్రపోవట్లేదట. అప్పు నిజంగా తీర్చలేని మనిషిని ఆ ఒక్క కారణంతో జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. డబ్బుండి ఎగ్గొడితే వేరు. అయితే చెక్కు బౌన్సయితే క్రిమినల్ కేసే, రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా పోయే కంతి డబ్బు చాలక తిరిగొచ్చినా అలాంటి కేసు వెయ్యొచ్చు. వాటిని ఐపీ ఆపదు. అందుకని కొత్త చెక్కులు ఎవరికీ ఇవ్వకు. ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. చేస్తే టైము రాసిపెట్టుకుని ముందు ఆ బ్యాంకుకే ఫిర్యాదు పంపు. 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఖర్చేమీ లేదు.

ఎవరైనా సెటిల్‌మెంట్ అంటే లెటర్ చేతికొచ్చాకే కట్టు, అదీ లోన్ ఖాతాలోకే, ఏజెంటు ఫోన్ నంబరుకి కాదు. సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడుతుంది, కొన్నేళ్లు కొత్త లోన్ దొరకడం కష్టం. నీకది మంచిదే అని నా అభిప్రాయం.

ఇల్లు అమ్మి ఇవన్నీ కట్టినా ఇంకా తేలనంత అప్పు మిగిలితే, అప్పుడు ఐపీ గురించి మాట్లాడదాం. మంచి లాయర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను. అప్పటికీ హోమ్‌లోన్‌లో అమ్మాయి కూడా సంతకం చేసిందని మర్చిపోకు. నువ్వు ఐపీ పెట్టినా ఆమె బాకీ ఆమె మీదే ఉంటుంది.

శనివారం ఇద్దరూ భోజనానికి రండి. లోన్ స్టేట్‌మెంట్లు, కార్డు బిల్లులు, ఆ ఫోన్ యాప్‌లలో తీసుకున్నవి, అన్నీ తీసుకురా. అమ్మాయికి ఇంకా చెప్పనివి ఉంటే రాకముందే చెప్పు, నా ఎదురుగా బయటపడితే బాగుండదు.

అమ్మ