డ్రమ్స్ వాయించినవారి పేరూ వేయండి

సంపాదకుల వారికి,

గత ఆదివారం అనుబంధంలో అర్జెంటీనా టాంగో విద్వాంసుడు ఆస్తర్ పియాజొల్లా మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. ‘లిబర్‌టాంగో’ గురించి అంత వివరంగా రాసి, దానికి డ్రమ్స్ ఎవరు వాయించారో మాత్రం చెప్పలేదు. ఆ ఆల్బమ్ 1974లో ఇటలీలోని మిలాన్‌లో రికార్డయింది. డ్రమ్స్ తుల్లియో దె పిస్కోపో, బేస్ గిటార్ పీనో ప్రెస్తి. ఇద్దరూ ఇటాలియన్లే. పియాజొల్లా బాండోనియన్ (అకార్డియన్ లాంటి తిత్తుల వాద్యం) ఎన్ని మెలికలు తిరిగినా కింద నడక చెదరకుండా చూసింది వీళ్లే.

దె పిస్కోపో 1946లో నేపుల్స్‌లో పుట్టారు. తండ్రి, అన్న కూడా డ్రమ్మర్లే. 1960ల చివర్లో ఉత్తర ఇటలీకి వెళ్లి, జాజ్‌లో ఎన్రికో ఇంత్రా, ఫ్రాంకో చెర్రి లాంటి వాళ్ల పక్కన వాయించారు. స్టూడియోల్లో పాప్ పాటలకూ వాయించారు. పియాజొల్లా, అమెరికన్ శాక్సఫోన్ విద్వాంసుడు జెర్రీ మల్లిగన్ 1974లోనే కలిసి చేసిన ఆల్బమ్‌లోనూ డ్రమ్స్ ఆయనవే. తర్వాత సొంతూరి గాయకుడు పీనో దానియేలే బృందంలో చేరారు. 1981 సెప్టెంబరు 19న నేపుల్స్‌లోని ప్లెబిషీతో మైదానంలో ఆ బృందం కచేరీకి 2 లక్షల మంది వచ్చారంటారు.

ఇంత చేసినాయన ఇటలీలో ఇంటింటికీ తెలిసింది ఎప్పుడనుకున్నారు? 1988లో సన్‌రెమో పాటల పోటీలో ‘అందమెంతో లెంతో’ అనే పాట తనే పాడినప్పుడు! (తెలుగులా వినిపిస్తుంది గానీ, అచ్చంగా ఇటాలియనే.) అంతకు పద్నాలుగేళ్ల ముందే పియాజొల్లా పక్కన వాయించిన మనిషి, జనం నోట పడటానికి మైకు పట్టుకోవాల్సి వచ్చిందన్నమాట.

మన దగ్గర కర్ణాటక సంగీత కచేరీ కరపత్రంలో వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో వేయకుండా ఉండరు. సినిమా పాట దగ్గరకొచ్చేసరికి ఆ మర్యాద మాయమవుతుంది. గాయకులు, రచయిత, సంగీత దర్శకుడు, అంతే. తబలా, వేణువు, డ్రమ్స్ వాయించినవాళ్లు పత్రికల్లోనూ ఉండరు, పాటలు వినే యాప్‌లలోనూ చాలాసార్లు కనపడరు. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టంలోని 38-బి సెక్షన్ ప్రదర్శకుడికి తన పేరు చెప్పించుకునే హక్కు ఇచ్చింది. వాడే తీరును బట్టి మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ సమీక్షలో ఒక వాక్యం చేర్చడానికి ఏ మినహాయింపూ అడ్డు రాదు కదా.

స్థలం చాలదని మీరు అనవచ్చు. హీరో చొక్కా రంగు గురించి రాసిన రెండు లైన్లు తీసేస్తే సరిపోతుంది. ఇకనుంచి పాటల సమీక్షల్లో ముఖ్యమైన వాద్యాలు వాయించినవారి పేర్లు అడిగి తెలుసుకుని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వీలైతే పియాజొల్లా వ్యాసానికి సవరణగా ఆ ఇద్దరి పేర్లూ వచ్చే ఆదివారమే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం