స్పిట్‌ఫైర్ మార్క్ 8 విమాన మోడల్ అని అమ్మి మార్క్ 5 పంపారు: వాపసు కోరుతూ ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: 1:72 సైజు (అసలు విమానంలో 72వ వంతు) స్పిట్‌ఫైర్ డైకాస్ట్ (పోతపోసిన లోహపు) మోడల్ వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడం గురించి

అయ్యా,

మీ సైట్లో ‘స్పిట్‌ఫైర్ మార్క్ 8, బర్మా రంగం, 1945’ అని పెట్టిన డైకాస్ట్ మోడల్‌ని 4,850 రూపాయలు కట్టి కొన్నాను. స్పిట్‌ఫైర్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం; మార్క్ 5, మార్క్ 8 దానిలో వేర్వేరు రకాలు. కొరియర్లో పెట్టె చెక్కుచెదరకుండా తిరుపతి చేరింది. పెట్టె మీద కూడా మార్క్ 8 అనే ఉంది. లోపలున్నది మాత్రం మార్క్ 5.

ఇది కనిపెట్టడానికి భూతద్దం అక్కర్లేదు. మార్క్ 8 ప్రొపెల్లర్‌కి నాలుగు బ్లేడ్లు ఉంటాయి, దీనికి మూడే. బోర్లా తిప్పితే ఇంకా తేటగా తెలుస్తుంది. మార్క్ 8కి రెండు రెక్కల కిందా ఒకే సైజు రేడియేటర్ డబ్బాలు ఉండాలి. మీరు పంపినదానికి ఒకవైపే రేడియేటర్, రెండోవైపు చిన్న ఆయిల్ కూలర్. మార్క్ 8 తోక చక్రం లోపలికి ముడుచుకుంటుంది. ఇక్కడ దాని తలుపుల జాడే లేదు. బర్మాలో మార్క్ 5లు కూడా ఎగిరాయి కదా అంటారేమో. ఎగిరాయి, కానీ మీరు అమ్మింది మార్క్ 8 అని చెప్పి.

రంగులు మరీ దారుణం. రెక్కల మీద నడుమ ఎర్ర చుక్క ఉన్న గుర్తింపు వలయాలు వేశారు. జపాన్ విమానాల గుర్తు ఎర్రటి సూర్యబింబం. గాల్లో రెప్పపాటులో పోల్చుకోవాల్సిన చోట ఎరుపు కనబడితే సొంతవాళ్ళే కాల్చేస్తారని, బర్మా రంగంలో బ్రిటిష్, భారత విమానాల వలయాల్లోంచి ఎరుపు తీసేసి ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. మీ విమానం ఈ వేషంలో అక్కడికి వెళ్ళుంటే జపాన్ వాళ్ళకి తూటా ఖర్చు కూడా ఉండేది కాదు.

మన వైమానిక దళంలో మొట్టమొదట స్పిట్‌ఫైర్లు అందుకున్నది 8వ స్క్వాడ్రన్. బర్మాలో వాళ్ళు నడిపినవి మార్క్ 8లే. అందుకే ఏరికోరి ఇది కొన్నాను. ఏదో ఒక యుద్ధ విమానం షోకేసులో ఉంటే చాలనుకుంటే ఇందులో సగం ధరకే దొరికేది.

మీ కస్టమర్ కేర్ వాళ్ళు ‘రంగుల్లో స్వల్ప తేడాలు సహజం’ అన్నారు. బ్లేడు రంగు కాదు కదా! తర్వాత, పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయలేదు కాబట్టి వాపసు కుదరదన్నారు. విరిగిన వస్తువుకి వీడియో అడిగితే అర్థముంది. దారిలో కొరియర్ కుర్రాడు ఒక బ్లేడు పీకేసి, రేడియేటర్ మార్చి, ఎర్ర చుక్కలు పెట్టాడంటారా? చివరికి తర్వాతి కొనుగోలు మీద 10 శాతం కూపన్ ఇస్తామన్నారు. నాకు కూపన్ వద్దు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. మోడల్‌ని మీ ఖర్చుతో తీసుకెళ్ళి, కొరియర్ చార్జీతో సహా పూర్తి సొమ్ము నా ఖాతాకి వేయండి. ఇంకొకరు మోసపోకుండా సైట్లో వివరం కూడా సరిదిద్దండి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ ఊరికి రానక్కర్లేదు.

బిల్లు, పెట్టె ఫొటోలు, విమానం అడుగుభాగం ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
బైరాగిపట్టెడ, తిరుపతి