పిల్లలమర్రికి ఎవరెవరు వస్తున్నారు?

దోస్తులూ, నిన్న కరెంటు పోయి బాల్కనీలోకొస్తే ఎదురుగా పక్క అపార్ట్‌మెంట్ గోడ. ఆకు కదల్లేదు, అసలు ఆకుంటే కదా! అప్పుడే మా చిన్నోడు "నాన్నా, ఊడలంటే ఏంటి?" అన్నాడు. ఫోన్‌లో ఫొటో చూపించాల్సొచ్చింది. పాలమూరోణ్ని, సిగ్గేసింది.

మన మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి వయసు ఏడు వందల ఏళ్లంటారు. చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టుబొట్టుగా మందెక్కించారు. లేత ఊడలను పైపుల్లోంచి నేలకు దింపారు. మనిషికి చేసినట్టే చేశారు.

ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరదాం. చిన్నప్పటిలా ఊడలకు వేలాడతామంటే కుదరదు, దూరం నుంచి చూడటమే. జొన్నరొట్టెలు, పల్లి చట్నీ మా ఇంటి నుంచి. బ్లూటూత్ స్పీకర్ మాత్రం ఎవరూ తేవద్దు. వచ్చేవాళ్లు గురువారంలోపు చెప్పండి, బండి మాట్లాడాలి.